పదకొండో బోరు: పొడి ఫొటో

"నాలుక చివర మాత్రమే," అన్నాడు పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరు ఫోన్లో. "గోరంత మేర, పైవైపు కాలింది. బుగ్గల లోపల ఏం లేదు. గొంతు పైభాగంలో కూడా ఏం లేదు. కడుపులోకి మటుకు సైనైడ్ వెళ్ళింది."

"టీలో కలిపి తాగిస్తే ఇలాగే ఉంటుందా?"

"టీ ఎవరైనా నాలుక చివరతో తాగుతారటయ్యా? నోరంతా తగలాలి. ఇదంతా రిపోర్టులో రాశాను. మీ ఇన్‌స్పెక్టరు చదివాడో, చదివినట్టు సంతకం పెట్టాడో నాకు తెలీదు. ఇంక నన్ను కదపకు."

ఫోన్ పెట్టేశాడు. గురువారం, పదకొండు దాటి పది నిమిషాలయింది. కాగితాల్లో అరెస్టు నిన్న సాయంత్రం చూపించారు గనక, ఇవాళ నాలుగింటికి టీ పిన్నిని కోర్టుకి తీసుకెళ్తారు. అక్కణ్ణుంచి జైలు. విచారణ ఎప్పుడు మొదలవుతుందో ఆ దేవుడికే తెలియాలి. పోలీసు ఉద్యోగం వెలగబెట్టిన ఇరవయ్యేళ్ళలో అలా లోపలికెళ్ళిన ఆడవాళ్ళని చాలామందిని చూశాను. బయటికొచ్చేసరికి వాళ్ళకోసం ఇంట్లో దీపం పెట్టేవాళ్ళు కూడా మిగల్లేదు.

జరిగింది ఇంతే. మంగళవారం పొద్దున ఎనిమిదీ నలభైకి కొండ కింద కోర్ షెడ్డులో రాళ్ళ మాస్టారికి పిన్ని టీ ఇచ్చింది. ఎనిమిదీ యాభైకి ఆయన కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. తొమ్మిదింటికి ప్రాణం పోయింది. ఆ గొడవలో ఆమె ఏం చేసిందయ్యా అంటే, రోజూ చేసినట్టే గ్లాసు కడిగి బోర్లించింది. అదే కొంప ముంచింది. 'సాక్ష్యం మాయం చేసింది' అని ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. పోనీ ఆమె ఏదన్నా చెప్పుకుందా అంటే అదీ లేదు. రెండు రోజుల్నించి నోరు విప్పలేదు. నిన్న లాకప్ ముందు గంటసేపు గొంతుక్కూచున్నాను. నా మొహం వంక చూస్తే ఒట్టు.

ప్రైవేటు డిటెక్టివ్‌గా నన్ను పెట్టుకున్నది ఆమె మొగుడు. షెడ్డులో చిన్నా పెద్దా అందరికీ అతను రంపం మామ. బోరు మిషను భూమిలోంచి లాగిన రాతి కడ్డీలని నిలువునా రెండుగా కోసే రంపం మీద ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ కడ్డీనే వీళ్ళు కోర్ అంటారు. సగం పరీక్షకి ల్యాబుకి వెళ్తుంది, సగం పెట్టెలో ఉండిపోతుంది. "నువ్వేమో మామవి, ఆవిడేమో పిన్ని. వరస కుదరకుండా మీ పెళ్ళెలా అయిందయ్యా?" అని మాస్టారు ఎప్పుడూ వేళాకోళం చేసేవాడట. అది నాకు చెబుతూ నవ్వబోయి దగ్గుతో ఆగిపోయాడు మామ. ఏడవలేక నవ్వే మొహాలంటే నాకు భయం.

"షెడ్డు చూపించు మామా," అన్నాను. "ఏదీ వదలకుండా."

తలుపు తీశాడు. ఈ చివర్నుంచి ఆ చివరికి ఇనుప అరలు, వాటి నిండా పొడుగాటి పెట్టెలు, పెట్టెల నిండా రాళ్ళు. ఒక మూల చెదలు తిన్న చెక్క పెట్టెలు. నలభై ఏళ్ళ క్రితం సర్కారు వాళ్ళు కొండ మీద ఆకుపచ్చ మరకలు చూసి, ఇది రాగి తుప్పేనని లోతైన గోతులు తవ్వి, ఆరు బోర్లు వేశారు. రాగి ఉంది గానీ గిట్టుబాటు కాదని వెళ్ళిపోయారు. మధ్యలో రేకు పెట్టెలు. ఇరవై రెండేళ్ళ క్రితం ఒక కంపెనీ వచ్చి, రాగితో పాటు బంగారం కూడా ఉందని పదకొండు బోర్లు వేసింది. పదకొండోదాంట్లో తొమ్మిది మీటర్ల పొడుగునా బంగారమే బంగారం అంది. ఆ కాగితం చూపించి షేర్లు అమ్ముకుని, గునపం పెట్టకుండానే బోర్డు తిప్పేసింది. గుమ్మం పక్కన కొత్త ప్లాస్టిక్ పెట్టెలు ఇప్పటి కంపెనీవి. వీళ్ళు కొండని ఇంకా పెద్ద కంపెనీకి అమ్మే బేరంలో ఉన్నారు. బేరమంతా ఆ పాత తొమ్మిది మీటర్ల మీదే నడుస్తోంది.

మూడుసార్లూ ఇక్కడ పనిచేసిన మనిషి రాళ్ళ మాస్టారొక్కడే. కుర్ర జియాలజిస్టుగా వచ్చి, అరవై నాలుగేళ్ళ సలహాదారుగా తేలాడు. ఈ నలభై ఏళ్ళలో పెళ్ళాం పోయింది, జుట్టు పోయింది, ఆయన్ని కొండ మాత్రం వదల్లేదు. పాత కోర్ మళ్ళీ చూసి, బంగారం ఉన్నమాట నిజమేనని బుధవారం సంతకం పెట్టాలి. మంగళవారం పోయాడు.

"సంతకం పెట్టేవాడే కాదు సార్," అన్నాడు మామ.

"నీకెలా తెలుసు?"

"సోమవారం సాయంత్రం నాతో అన్నాడు. 'ఈ కొండలో బంగారం రాగి కొంగు పట్టుకునే తిరుగుతుంది మామా. రాగి ఉన్నచోటే ఉంటుంది, లేనిచోట ఉండదు. ఈ తొమ్మిది మీటర్లలో రాగి చుక్క కనబడటంలేదు. మరి బంగారం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?' అన్నాడు. రేపు మొత్తం చూసి తేలుస్తానన్నాడు."

"మరి అప్పటి ల్యాబు కాగితంలో బంగారం ఉందనే వచ్చిందిగా?"

"కోసింది నేను. సంచుల్లో కట్టింది నేను. ల్యాబుకి పట్టుకెళ్ళింది నేను కాదు." గొంతు తగ్గించాడు. "అప్పట్లో ఇక్కడ జూనియరుగా ఒకాయన ఉండేవాడు, పదకొండో బోరు మాస్టారు చూడకుండా లెక్క రాసిందీ ఆయనే. ఇప్పుడు మేనేజరు గారు."

దారిలో సంచుల్లో చిటికెడు బంగారం పొడి పడితే ల్యాబు వాళ్ళకేం తెలుస్తుంది? వాళ్ళు ఇచ్చింది పరీక్ష చేస్తారు. మేనేజరు మీద నాకు అనుమానం పుట్టింది ఇప్పుడు కాదు, నిన్ననే. కానీ ఏం లాభం? ఆయన సోమవారం సాయంత్రమే సిటీకి వెళ్ళాడు. మంగళవారం పొద్దుపోయాక తిరిగొచ్చాడు. ఎటునుంచి వచ్చినా నా బుర్ర అక్కడికొచ్చి గోడకి కొట్టుకుంటోంది.

మాస్టారి కుర్చీలో కూచున్నాను. ముందు పొడుగాటి బల్ల. బల్ల మీద పదకొండో బోరువి రెండు పెట్టెలు, ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు. నూట ముప్ఫై తొమ్మిదిన్నర మీటర్ల లోతు నుంచి నూట నలభై ఎనిమిదిన్నర దాకా. ఆ తొమ్మిది మీటర్లూ ఇవే. భూతద్దం ఉంది, అయస్కాంతం కట్టిన పెన్ను ఉంది, నీళ్ళు చిమ్మే సీసా ఉంది. అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం కూడా అలాగే ఉంది. రాళ్ళ లెక్కలు మనకెందుకని పోలీసులు ముట్టుకోలేదు. వాళ్ళ బద్ధకానికి మొదటిసారి దణ్ణం పెట్టుకున్నాను.

కాగితం మీద మాస్టారి చేతిరాత ముత్యాల్లా ఉంది.

'140.2. తెల్ల రాయి. రాగి లేదు.'

'140.9. తెల్ల రాయి. రాగి లేదు.'

'141.6.'

అంతే. చుక్క పక్కనుంచి పెన్ను గీత కాగితం అంచుదాకా జారిపోయింది.

"మామా, నూట నలభై ఒకటి పాయింట్ ఆరు దగ్గరికొచ్చాడు. అంకె వేశాడు. తర్వాత ఏం చేసి ఉంటాడు?"

"ముక్క తీసి నాకి ఉంటాడు," అన్నాడు మామ, అన్నం తిని ఉంటాడన్నంత మామూలుగా.

చేతిలో అట్ట కింద పెట్టాను.

"ఏం చేసి ఉంటాడూ?"

"నాకి ఉంటాడు సార్. కోసిన రాయి పొడిగా ఉంటే మసగ్గా ఉంటుంది, తడిపితే రంగు తేలుతుంది. అందరూ సీసాతో నీళ్ళు కొడతారు. పాతవాళ్ళు నాకుతారు. 'సీసాతో కొడితే ముక్కంతా కారి కాగితం తడుస్తుంది, నాలుకతో అయితే ఎంత కావాలో అంతే తడుస్తుంది' అనేవాడు. ప్రతి ముక్కా ముందు నాలుక చివర పెట్టి, తర్వాత భూతద్దం పెట్టేవాడు. పిన్ని తిట్టేది కూడా. 'పొద్దస్తమానం రాళ్ళు నాకే మనిషికి నా టీ రుచేం తెలుస్తుందీ' అని."

నాలుక చివర! గోరంత మేర! విషం టీలో లేదు. ఆ ముక్క మీద ఉంది. ఈయన నాకుతాడని తెలిసినవాడెవడో, కోసిన మొహం మీద పూసి పెట్టాడు. ఇక్కడి కంపెనీ ల్యాబు అలమార్లో సైనైడ్ డబ్బా ఎలాగూ ఉంది, రాతిలోంచి బంగారం తీసి చూడ్డానికి వాళ్ళు అదే వాడతారు. రెండు రోజులకి ఈ కేసులో ఒక్క తలుపు తెరుచుకుంది.

"ఆ ముక్క ఏది? ముట్టుకోకు. చూపించు చాలు."

మామ వేలు పెట్టి చూపించాడు. మూడో వరసలో, జానెడు పొడుగు. వంగి చూశాను. అద్దంలా శుభ్రంగా ఉంది. పక్క ముక్కలూ అంతే. రెండు పెట్టెలూ కడిగిన ముత్యాల్లా మెరుస్తున్నాయి.

"ఎవరు కడిగారు వీటిని?"

మామ తన చేతుల వంక చూసుకున్నాడు. నాకు అర్థమైంది. అతనికి కూడా అప్పుడే అర్థమైంది.

"నేనే," అన్నాడు చివరికి. "మంగళవారం మధ్యాహ్నం. మాస్టార్ని అంబులెన్సులో తీసుకెళ్ళారు. దాన్ని జీపెక్కించారు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు సార్. చేతులు ఊరుకోలేదు. రోజూ చేసే పని... గ్లౌజులు తొడుక్కుని పైపు పెట్టి కడిగేశాను. పెట్టెకి అరగంట చొప్పున కడిగాను."

పెళ్ళాన్ని బయటపడేసే ఒకే ఒక్క సాక్ష్యాన్ని గంటసేపు పైపు పెట్టి కడిగాడు, బుద్ధిగా. ఆమె గ్లాసు కడిగింది, ఈయన రాళ్ళు కడిగాడు. దంపతులిద్దరికీ ఎంత శుభ్రమో! తిట్టబోయాను. అతను రెండు చేతుల్తో మొహం కప్పుకుని రంపం పక్కన కింద కూలబడ్డాడు. దగ్గుతోపాటు ఏడుపు తన్నుకొచ్చింది. ఏ మనిషీ వినకూడని చప్పుడది.

"ఎందుకు కడిగావయ్యా? అసలెందుకు కడుగుతారు వీటిని?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"తడి ఫొటో కోసం," అన్నాడు మొహం మీంచి చేతులు తీయకుండానే.

"తడి ఫొటో ఏమిటి?"

"ప్రతి పెట్టెకీ రెండు ఫొటోలు తీయాలి సార్. పొడిగా ఉన్నప్పుడొకటి, కడిగాక ఒకటి. పొడిలో పగుళ్ళు తెలుస్తాయి, తడిలో రంగు తెలుస్తుంది. మాస్టారు పెట్టిన పద్ధతే."

"పొడి ఫొటో ఎప్పుడు తీశావు?"

చేతులు తీశాడు. "పొద్దున్నే. షెడ్డు తీయగానే. మాస్టారు రాకముందు."

ఆఫీసు గది తలుపు ఎలా తీశామో, కంప్యూటరు ఎలా వెలిగించామో నాకు గుర్తులేదు. ఫొటోలో పెట్టె నెత్తిన చిన్న పలక: 'బోరు 11, పెట్టె 31, పొడి'. మూలన టైము, మంగళవారం ఎనిమిదీ పన్నెండు. మూడో వరసలో ఆ జానెడు ముక్క మీద, కోసిన మొహం నిండా, తెల్లగా ఉప్పు చల్లినట్టు పొర. పక్క ముక్కల మీద రంపం దుమ్ము బూడిదరంగులో ఉంది. ఇది వేరు. రెండో ఫొటో, తడిది, పన్నెండూ నలభై. ఆ ముక్క మీద ఏమీ లేదు.

"తీసేటప్పుడు చూడలేదా?"

"ఈ షెడ్డులో అన్నీ తెల్లగానే ఉంటాయి సార్. నా కనురెప్పలతో సహా."

టీ ఇచ్చింది ఎనిమిదీ నలభైకి. పొర ఎనిమిదీ పన్నెండుకే ఉంది. ఇరవై ఎనిమిది నిమిషాల ముందు! రెండు ఫొటోలూ పెద్దవి చేసి కాగితం మీదకి తీశాను. మామ నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నేను కూడా, సిగ్గులేకుండా చెబుతున్నాను, సంతోషించాను. నా అంతటి వెధవని ఇంకొకణ్ణి చూపించండి.

ఒంటిగంటన్నరకి జీపు చప్పుడైంది. వెనకాలే తెల్ల కారు. ఇన్‌స్పెక్టరు, మేనేజరు ఇద్దరూ కలిసి లోపలికొచ్చారు. జీపులో వెనక ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళ మధ్య టీ పిన్ని తలొంచుకుని కూచుంది. కోర్టుకి దారి ఇటే.

"ఏమోయ్ ప్రైవేటూ, రాళ్ళు లెక్కపెడుతున్నావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. నేను మధ్యలో కాడి పడేశాను, ఆయన ఎదిగాడు. కేసు ముగించడంలో దిట్ట. ఎవరి నెత్తిన ముగుస్తుందో ఆయనకి పట్టదు.

"ఆమెని దింపు," అన్నాను. "నీ కేసు నీళ్ళలో కలిసింది."

"ఓహో. ఎవరు కలిపారు?"

ఫొటోలు బల్ల మీద పరిచాను. నాలుక సంగతి, నాకే అలవాటు సంగతి, టైములు, అన్నీ వరసగా చెప్పాను. ఆయన అడ్డురాకుండా విన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మేనేజరు పొడి ఫొటో తీసి చాలాసేపు చూశాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట కూడా అంతే. "పాపం మాస్టారు," అన్నాడు మెల్లిగా.

"టీ వేడికి కాలిందనుకున్నా నాలుక," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "శభాష్. ఒప్పుకుంటున్నా. విషం రాయి మీదే ఉంది, ఎనిమిదీ పన్నెండుకి ముందే ఉంది. ఇక్కడిదాకా బాగుంది. షెడ్డు తాళాలు ఎన్ని?"

"రెండు," అన్నాడు మేనేజరు. "ఒకటి మామ దగ్గర, ఒకటి నా దగ్గర. ఆ రోజు నేను సిటీలో ఉన్నాను."

"కనుక్కున్నాంలెండి. పదింటికి హెడ్డాఫీసులో మీటింగు, పదిమంది సాక్షులు." ఇన్‌స్పెక్టరు మామ వైపు తిరిగాడు. "సోమవారం సాయంత్రం ఈ పెట్టెలు అరలోంచి దించిందెవరు?"

"నేనే సార్."

"తాళం వేసిందెవరు?"

"నేనే."

"పొద్దున తీసిందెవరు? ఫొటో తీసిందెవరు? తర్వాత పైపు పెట్టి కడిగిందెవరు?"

మామ పెట్టెల వంక చూశాడు.

"ఆగు," అన్నాను. "తనే విషం పూసి, తనే ఫొటో తీసి సాక్ష్యం పెట్టుకుంటాడా ఎవడైనా?"

"రోజూ తీసే ఫొటో. ఆ రోజు తీయకపోతేనే అనుమానం. అది సాక్ష్యమని నువ్వు చెప్పేదాకా వాడికే తెలీదు. పోయిన శుక్రవారం మాస్టారూ వీడూ షెడ్డు కప్పెగిరిపోయేలా అరుచుకున్నారు, తెలుసా నీకు? 'రంపం వదిలేసి పో' అన్నాడట మాస్టారు. ఇరవై రెండేళ్ళు చేసినవాణ్ణి పొమ్మంటే కడుపు మండదూ?" ఫొటోలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రెండ్రోజులుగా ఈ కేసులో సాక్ష్యం సరిపోక చస్తున్నా. నువ్వు చేతికి తెచ్చిచ్చావు. థాంక్సోయ్."

"మామా, ఎందుకు గొడవపడ్డారు? చెప్పు వీళ్ళకి."

అతను నన్ను పట్టించుకోలేదు. కిటికీలోంచి జీపు వంక చూస్తున్నాడు.

"దాన్ని వదిలేస్తారా?" అన్నాడు.

"నువ్వు ఒప్పుకుంటే ఇప్పుడే."

"అయితే నేనే చేశాను."

"మామా! నోరు ముయ్యి!" అని అరిచాను. "అబద్ధం చెబుతున్నాడు. ఏ ముక్క మీద పూశావో చూపించు, చూద్దాం."

మామ తిన్నగా వెళ్ళి మూడో వరసలో ఆ జానెడు ముక్క మీద వేలు పెట్టాడు. ఎందుకు చూపించడూ? గంట క్రితం పెద్దది చేసి మరీ చూపించింది నేనే. ఇన్‌స్పెక్టరు నా వంక చూసి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

కాగితాలు రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పిన్నిని వదిలేస్తున్నట్టు రాసినదాని మీద సాక్షిగా నా చేతే సంతకం పెట్టించాడు. పొద్దుట్నించి నేను కోరుకున్నది అదే. పెట్టాను.

ఆమెని జీపులోంచి దింపారు. ఈయనని ఎక్కించడానికి తీసుకొచ్చారు. షెడ్డు ముందు ఎండలో ఇద్దరూ ఎదురుపడ్డారు. రెండు రోజుల తర్వాత ఆమె మొదటిసారి నోరు విప్పింది.

"ఒప్పుకున్నావా?"

"ఊఁ."

"నాకు తెలుసు. అందుకే నేను మాట్లాడలేదు." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, ఇంకిపోయి ఎంతసేపయిందో. "ఆ రోజు ఏడూ ఇరవైకి పొయ్యి వెలిగిద్దామని వచ్చాను. నువ్వు పసుపు రబ్బరు ఏప్రాన్ వేసుకుని, అటు తిరిగి, పెట్టె మీద వంగి ఏదో చేస్తున్నావు. ఏమయ్యా అని పిలిచాను. పలకలేదు. శుక్రవారం గొడవకి ఇంకా కోపం తగ్గలేదు కాబోలు అనుకుని వెళ్ళిపోయాను. ఎంత పని చేశావయ్యా! ఆయన నీకేం అన్యాయం చేశాడు?"

మామ మొహంలో రక్తం లేదు. ఏదో అనబోయాడు. తల దించుకున్నాడు.

"ఇదిగో, కళ్ళారా చూసిన సాక్షి కూడా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "రేపు పొద్దున స్టేషనుకొచ్చి ఇదంతా చెప్పమ్మా, రాసుకుంటాం. ఇవాళ ఇంటికెళ్ళి పడుకో."

ఆమె అక్కడే నిలబడిపోయింది, ఎటెళ్ళాలో తెలియని మనిషిలాగా. మేనేజరు కారు వెనక తలుపు తీశాడు.

"రా పిన్నీ, ఇంటి దగ్గర నేను దింపుతాను. ఈ ఎండలో ఎలా నడుస్తావు?"

ఆమె నా వంక చూసింది. నా చూపంతా జీపు మీదే ఉంది, అది కదిలేలోపు మామతో ఒక్క మాట మాట్లాడాలి.

"వెళ్ళు పిన్నీ," అన్నాను. "సాయంత్రం నేనొస్తాను."

జీపు దగ్గరికి పరిగెత్తాను. మామ చువ్వల్లోంచి నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"ఏడూ ఇరవైకి నేను షెడ్డులో లేను సార్," అన్నాడు.

"ఎక్కడున్నావు?"

"ఆస్పత్రిలో. ఎక్స్‌రే తీయించుకుంటున్నా. సోమవారమే మేనేజరు గారికి చెప్పి, ఏడింటికి వెళ్ళాను, ఏడూ నలభైకి బయటపడ్డాను. కావాలంటే ఫిల్మ్ మీద టైముంటుంది. పోయినేడు దుమ్ము లేవకుండా రంపానికి నీళ్ళు కొట్టే పంపు పాడైతే మేనేజరు గారు నాలుగు నెలలు పొడిగానే కోయించాడు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుపోయిందట. డాక్టరు ఆరు నెలలన్నాడు. శుక్రవారం మాస్టారు అరిచింది కూడా అందుకే, రంపం వదిలేసి ఆస్పత్రికి పో అని. దానికి తెలీదు. చెప్పకండి. ఉన్న ఆర్నెల్లు నేను ఎక్కడుంటే ఏం? అది ఇంట్లో ఉంటే చాలు."

"అయితే ఏప్రాన్ వేసుకున్నదెవరు?"

"నాకేం తెలుసు సార్? నా ఏప్రాన్ షెడ్డు లోపలే మేకుకి తగిలించి ఉంటుంది. తాళం తీస్తేనే..."

జీపు కదిలింది. అతని చెయ్యి నా చొక్కా మీంచి జారిపోయింది.

తాళం తీస్తేనే. రెండు తాళాలు. పదింటికి మీటింగులో పదిమంది చూశారు సరే, ఏడూ ఇరవైకి ఎవరు చూశారు? సిటీకి కారులో రెండు గంటలు, సోమవారం వెళ్ళినవాడు తెల్లారేలోపు తిరిగొచ్చి ఉండొచ్చు. ఏడున్నరకి ఇక్కడ బయల్దేరినా తొమ్మిదిన్నరకి అక్కడ దిగి, టీ తాగి మరీ మీటింగులో కూచోవచ్చు. రెండు రోజులూ అడగలేదు నేను, బుద్ధిలేని గాడిదని. ఏప్రాన్ వేసుకున్నవాడు ఆమె పిలుపు విన్నాడు. వెనక్కి తిరగలేదు గనక తనని పోల్చుకుందో లేదో వాడికి ఇవాళ్టిదాకా తెలీదు. ఇప్పుడు తెలిసింది. రేపు పొద్దున ఆమె ఆ మాటే స్టేషన్లో చెబుతుంది. తన మొగుడు ఆ టైముకి ఆస్పత్రిలో ఉన్నాడని తేలిన క్షణం, ఆమె చూసిన వీపు వేరేవాడిదని తేలుతుంది, మామ ఆస్పత్రికి వెళ్ళిన సంగతి వాడికి ముందే తెలుసు. లాకప్‌లో ఉన్నన్నాళ్ళూ ఆమె జోలికి ఎవడూ రాలేకపోయాడు. సంతకం పెట్టి మరీ బయటికి తీసుకొచ్చాను.

వెనక్కి తిరిగాను. కారు లేదు. గేటు బార్లా తెరిచి ఉంది. పిన్ని ఇల్లు గేటు దాటాక ఎడమవైపు, పిలిస్తే పలికేంత దూరం. దుమ్ము లేచింది కుడివైపు, సర్కారు వాళ్ళ పాత గోతుల మీదుగా కొండెక్కే దారిలో.

"పిన్నీ!" అని అరుస్తూ పరిగెత్తాను. ఆ కారు ఎక్కమన్నది నేనే.